చెన్నపట్నం మేజిస్ట్రేటు కోర్టులు: ఎలా పుట్టాయి, పాత కాగితాలు ఎక్కడ వెతకాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

చెన్నైలో ఉంటూ ముత్తాతల కాలపు కేసు కాగితాల కోసం ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ (పాత ప్రభుత్వ కాగితాల భాండాగారం) చుట్టూ తిరిగే తెలుగువాళ్లకూ, కంపెనీ కాలపు చరిత్ర చదువుకునే విద్యార్థులకూ ఈ ప్రశ్నలు తరచుగా ఎదురవుతాయి. చదివేముందు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) మేజిస్ట్రేటు పుట్టింది న్యాయశాఖలో కాదు, సుంకాలూ శిస్తులూ వసూలు చేసే కచేరీలో. అధికారాలు ఎందుకలా ఉన్నాయో, కాగితాలు ఎక్కడ మిగిలాయో తెలియాలంటే ఆ కచేరీ వైపే చూడాలి.

మద్రాసులో మొట్టమొదటి కింది కోర్టు ఏది?

చావడి కోర్టు. 1639లో దామెర్ల నాయకుల దగ్గర ఇంగ్లీషు కంపెనీ స్థలం సంపాదించి, మరుసటి ఏడు కోట కట్టడం మొదలుపెట్టింది. కోటలో తెల్లవాళ్లు, బయట నల్లపట్నంలో తెలుగు, తమిళ వ్యాపారులూ నేతగాళ్లూ ఉండేవారు. ఈ బయటివాళ్ల తగాదాలు చావడిలో తీరేవి. మొదట్లో అక్కడ స్థానికుడైన అధికారి కూర్చునేవాడు. తర్వాత ఆ కుర్చీ కంపెనీ ఉద్యోగుల చేతికి పోయింది.

1678లో గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ ఈ కోర్టుకు ఒక పద్ధతి ఏర్పరిచాడు. న్యాయాధికారుల సంఖ్యను పెంచి, వారానికి రెండు రోజులు తప్పకుండా కూర్చోవాలన్నాడు. 50 వరహాల (బంగారు నాణేల) వరకు బాకీ తగాదాలు, చిన్న నేరాలు అక్కడే తేలాలి. అంతకు మించినవీ అప్పీళ్లూ గవర్నరు, కౌన్సిలు ముందుకు వెళ్లాలి. ఇళ్ల అమ్మకాలతో పాటు బానిసల అమ్మకాలు కూడా చావడిలోనే నమోదయ్యేవి. న్యాయాధికారులుగా కూర్చున్నది సుంకాలు, టంకశాల వంటి పనులు చూసే కంపెనీ ఉద్యోగులే. వాళ్లలో న్యాయశాస్త్రం చదివినవాళ్లు లేరు.

మేయరు కోర్టు వచ్చాక చావడి కోర్టు పోయిందా?

పోలేదు, బక్కచిక్కిపోయింది. 1687 డిసెంబరు 30 నాటి చార్టరుతో (అధికారపత్రంతో) మద్రాసు కార్పొరేషను ఏర్పడి, 1688 సెప్టెంబరు 29న మొదలైంది. ఒక మేయరు, 12 మంది ఆల్డర్‌మెన్ (కార్పొరేషను పెద్ద సభ్యులు) కలిసి మేయరు కోర్టు. మొదటి ఆల్డర్‌మెన్‌లో చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న వంటి నల్లపట్నం వర్తకులున్నారు. చిన్న వెంకటాద్రి కంపెనీ ప్రధాన వర్తకుడు బేరి తిమ్మన్నకు తమ్ముడు. మేయరు కోర్టు సివిల్ తీర్పు విలువ 3 వరహాలు దాటితే అడ్మిరాల్టీ కోర్టుకు (సముద్ర వ్యాపార తగాదాల కోసం పెట్టిన కోర్టుకు) అప్పీలు చేసుకోవచ్చు. చావడికి మిగిలినవి 2 వరహాల లోపు తగాదాలు.

వరహా విలువ అడిగేవాళ్లకు ఒక లెక్క. 1818లో కంపెనీ వరహాలను రూపాయల్లోకి మార్చినప్పుడు 100 వరహాలకు 350 రూపాయలు కట్టింది. అంతకు ముందరి శతాబ్దపు మొత్తాలకు ఈ లెక్క సుమారుగానే సరిపోతుంది.

మరి ‘మేజిస్ట్రేటు’ అన్న హోదా చట్టంలోకి ఎప్పుడొచ్చింది?

నగరానికి సంబంధించినంతవరకు 1726 చార్టరును మొదటి మెట్టుగా తీసుకోవచ్చు. గవర్నరును, కౌన్సిలులోని ఐదుగురు పెద్ద సభ్యులను అది జస్టిస్ ఆఫ్ ది పీస్‌లుగా (శాంతిభద్రతలు చూసే న్యాయాధికారులుగా) చేసింది. నేరాల విచారణకు ఏటా నాలుగుసార్లు సెషన్లు జరపాలంది. అప్పటిదాకా ఈ అధికారం కంపెనీది, ఇక్కడినుంచి ఇంగ్లండు రాజుది.

1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకోవడంతో అంతా ఆగిపోయింది. ఊరు తిరిగి చేతికొచ్చాక 1753లో కొత్త చార్టరు వచ్చింది. స్థానికుల మధ్య తగాదాలను, ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప, మేయరు కోర్టు ముట్టుకోరాదని అది చెప్పింది. 5 వరహాల లోపు బాకీలకు రిక్వెస్టు కోర్టు పెట్టింది. తర్వాత 1798లో రికార్డరు కోర్టు, 1801లో సుప్రీంకోర్టు, 1862లో హైకోర్టు వచ్చాయి. అవి పెద్ద కోర్టుల చరిత్ర కాబట్టి ఇక్కడ విస్తరించడం లేదు.

జిల్లాల్లో కలెక్టరే మేజిస్ట్రేటు ఎలా అయ్యాడు?

మొదట కాలేదు. 1802 రెగ్యులేషన్లు (కంపెనీ ప్రభుత్వం చేసిన చట్టాలు) బెంగాలు నమూనాను మద్రాసుకు తెచ్చాయి. జిల్లా జడ్జీ వేరు, కలెక్టరు వేరు. మేజిస్ట్రేటు పని జడ్జీదే. పైన నాలుగు ప్రొవిన్షియల్ కోర్టులు, అందులో ఉత్తరాదిది మచిలీపట్నంలో. కాగితం మీద చక్కని ఏర్పాటే. ఆచరణలో జిల్లాకొక జడ్జీ సరిపోలేదు. పది రూపాయల తగాదాకు రైతు రోజుల తరబడి నడిచి జిల్లా కేంద్రానికి పోవాలి. కేసులు పేరుకుపోయాయి.

1814లో థామస్ మన్రో అధ్యక్షతన కమిషను వేశారు. దాని ఫలితం 1816 రెగ్యులేషన్లు. వాటిలో 9వది మేజిస్ట్రేటు పనిని జడ్జీ నుంచి తీసి కలెక్టరుకిచ్చింది. 11వది పోలీసు పనిని తహసీల్దారుకు, గ్రామపెద్దకు అప్పగించింది. ఊళ్లను ఎరిగినవాడే న్యాయం చెప్పగలడని మన్రో వాదం. అందులో నిజం లేకపోలేదు. అయితే శిస్తు వసూలు చేసేవాడూ, దొంగను పట్టుకునేవాడూ, శిక్ష వేసేవాడూ ఒక్కడే అయ్యాడు. ఆ తర్వాతి వందేళ్ల గొడవకు మూలం అక్కడుంది.

గ్రామ మునసబు ఏ శిక్షలు వేయగలిగేవాడు?

1816 రెగ్యులేషను 4 ప్రకారం 10 రూపాయల లోపు చరాస్తి తగాదాలు వినొచ్చు. భూమి తగాదాలు అతని పరిధిలో లేవు. రెగ్యులేషను 11 కింద తిట్లు, చిన్న కొట్లాటల వంటివాటికి 12 గంటలు మించకుండా ఊరి చావడిలో కూర్చోబెట్టొచ్చు. తక్కువ కులాలుగా లెక్కించినవారినైతే 6 గంటల వరకు బొండలో (కాళ్లు బిగించే కొయ్యలో) వేయొచ్చని అదే రెగ్యులేషనులో ఉంది. ఒకే తప్పుకు కులాన్ని బట్టి వేర్వేరు శిక్షను చట్టమే రాసిపెట్టింది. గ్రామ న్యాయం సంగతి పొగిడేవాళ్లు ఈ వాక్యాన్ని సాధారణంగా దాటేస్తారు.

1889 నాటి గ్రామ కోర్టుల చట్టంతో సివిల్ పరిమితి 20 రూపాయలైంది. ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే 200 వరకు.

పోలీసు పని తహసీల్దారు నుంచి ఎందుకు పోయింది?

చిత్రహింసల వల్ల. శిస్తు కట్టని రైతును ఎండలో నిలబెట్టడం, వంచి కట్టేయడం, వేళ్లు నొక్కడం వంటివి తాలూకా కచేరీల్లో జరుగుతున్నాయని ఫిర్యాదులు లేచాయి. వాటిని లండను దాకా తీసుకెళ్లినవాడు మన చెన్నపట్నం తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. 1844లో క్రెసెంట్ పత్రిక, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషను పెట్టినవాడు ఆయనే. ఆ అసోసియేషను బ్రిటిష్ పార్లమెంటుకు మహజరు (విన్నపం) పంపింది. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమర్ 1853లో స్వయంగా వచ్చి జిల్లాలు తిరిగి చూశాడు. తర్వాత విచారణ సంఘం వేయక తప్పలేదు. ఎలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురు 1855లో నివేదిక ఇచ్చారు. హింస నిజమని తేల్చారు.

ఆ ఎలియట్ మద్రాసు చీఫ్ మేజిస్ట్రేటు, పోలీసు సూపరింటెండెంటు. బెసంత్‌నగరులో సాయంత్రం షికారుకు వెళ్లే ఎలియట్స్ బీచి పేరు ఆయనదే.

1859లో 24వ చట్టంతో విడి పోలీసు శాఖ ఏర్పడింది. మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ విలియం రాబిన్సన్. శిస్తు కచేరీ నుంచి పోలీసు విడిపోయింది కానీ మేజిస్ట్రేటు అధికారం మాత్రం తహసీల్దారు దగ్గరే మిగిలింది. సగం సంస్కరణ అనాలి.

ఫస్ట్‌క్లాస్, సెకండ్‌క్లాస్, థర్డ్‌క్లాస్ తేడా ఏమిటి?

శిక్ష వేసే పరిమితి. శిక్షాస్మృతి 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. విచారణ పద్ధతికి 1861, 1872, 1882, 1898లలో వరుసగా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లు వచ్చాయి. చివరిదాని ప్రకారం ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటుకు 2 ఏళ్ల ఖైదు, 1000 రూపాయల జుల్మానా. సెకండ్‌క్లాస్‌కు 6 నెలలు, 200 రూపాయలు. థర్డ్‌క్లాస్‌కు ఒక నెల, 50 రూపాయలు. నగరంలోని ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటుకు ఫస్ట్‌క్లాస్‌తో సమానంగా 2 ఏళ్లు, 1000 రూపాయలు.

కలెక్టరు జిల్లా మేజిస్ట్రేటు. సబ్ కలెక్టరూ డిప్యూటీ కలెక్టరూ సాధారణంగా ఫస్ట్‌క్లాస్. తహసీల్దారు, డిప్యూటీ తహసీల్దారు సబ్ మేజిస్ట్రేట్లు. ఫలానావారికి ఫలానా అధికారమిచ్చామని ఫోర్ట్ సెంట్ జార్జి గెజిట్‌లో వేసేవారు. మీ ముత్తాత సబ్ మేజిస్ట్రేటుగా చేశారని ఇంట్లో చెప్పుకుంటుంటే నిర్ధారించుకోవడానికి గెజిట్‌కు మించిన ఆధారం లేదు.

1900 ప్రాంతంలో తాలూకా కచేరీలో ఒక ఫిర్యాదు ఎలా నడిచేది?

పక్కింటివాడు కొట్టాడనుకుందాం. స్వల్పంగా కొట్టడం పోలీసులు వారంటు లేకుండా పట్టుకోదగ్గ నేరం కాదు. కాబట్టి ఫిర్యాది నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికే పోవాలి. 1870 కోర్టు ఫీజుల చట్టం ప్రకారం అర్జీకి 8 అణాల స్టాంపు. పోలీసులు పట్టుకోదగ్గ నేరమైతే ఈ స్టాంపు లేదు. ముద్దాయికి శిక్ష పడితే ఆ 8 అణాలు అతని చేతే ఇప్పించాలని కూడా చట్టంలో ఉంది.

తర్వాత మేజిస్ట్రేటు ఫిర్యాదిని ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకుంటాడు. పస లేదనిపిస్తే అక్కడే కొట్టేయొచ్చు. ఉందనిపిస్తే ముద్దాయికి సమన్లు. ఆరు నెలలకు మించని శిక్షగల నేరాలు సమన్ల కేసులు. వీటిలో చార్జి (నేరారోపణ పత్రం) రాయనక్కరలేదు, ఆరోపణ వినిపించి ఒప్పుకుంటావా అని అడిగితే చాలు. అంతకు మించినవి వారంటు కేసులు. ముందు ఫిర్యాది సాక్షులు, ఆ తర్వాత చార్జి, ఆపైన ముద్దాయి సాక్షులు. హత్య, బందిపోటు వంటివైతే మేజిస్ట్రేటు ప్రాథమిక విచారణ మాత్రం జరిపి సెషన్సు కోర్టుకు పంపుతాడు. ఉత్త అబద్ధపు ఫిర్యాదని తేలితే ఫిర్యాది చేతే 50 రూపాయల వరకు నష్టపరిహారం ఇప్పించొచ్చు.

ఇక్కడ కేసు దారి తప్పుతూ వచ్చింది వాయిదా దగ్గర. మేజిస్ట్రేటు రెవెన్యూ అధికారి కూడా కనుక జమాబందీకో (ఏటా శిస్తు లెక్కలు తేల్చే పనికో) పంటల తనిఖీకో క్యాంపు వెళ్తాడు. కేసు అతని వెంటే వెళ్తుంది. ఫిర్యాది, సాక్షులు, వకీలు, అందరూ బండి కట్టుకుని ఆ ఊరికి చేరాలి. సమన్ల కేసులో వాయిదా నాటికి ఫిర్యాది రాకపోతే ముద్దాయిని విడుదల చేయడమే మామూలు నియమం. ఆ విడుదల నిర్దోషిగా తేలినట్టే, మళ్లీ కేసు పెట్టడానికి లేదు. క్యాంపు మారిన కబురు అందక ఎన్నో కేసులు ఇలా పోవడానికి అవకాశం ఉండేది. పాత రిజిస్టరులో ‘ఫిర్యాది గైరుహాజరు, విడుదల’ అని కనిపిస్తే రాజీపడ్డారని వెంటనే అనుకోకండి.

నగరం కోర్టుల్లో తేడా ఏముంది?

ఇది పరిశోధకులు తప్పక తెలుసుకోవలసిన విషయం. 1877లో ప్రెసిడెన్సీ మేజిస్ట్రేట్ల చట్టం వచ్చింది, తర్వాత అవే నిబంధనలు కోడ్‌లోకి చేరాయి. నగర మేజిస్ట్రేటు పూర్తి తీర్పు రాయనక్కరలేదు. వరుస సంఖ్య, నేరం తేదీ, ఫిర్యాది పేరు, ముద్దాయి పేరు, ఊరు, నేరం, ఒప్పుకున్నాడా లేదా, తీర్పు, తేదీ వంటి వివరాలు నింపితే చాలు. 6 నెలలకు మించిన ఖైదో 200 రూపాయలకు మించిన జుల్మానానో వేసే కేసుల్లోనే సాక్ష్యం రాసుకోవాలి. అప్పీలు హక్కు కూడా ఆ గీత దాటినప్పుడే, అదీ నేరుగా హైకోర్టుకు.

ఫలితం ఏమిటంటే జార్జిటౌను, ఎగ్మూరు కోర్టుల పాత కాగితం దొరికినా అందులో కథ ఉండదు, గళ్లు నింపిన వరస ఉంటుంది. నెల్లూరు జిల్లాలోని ఒక తాలూకాలో అదే నేరానికి తెలుగు వాంగ్మూలం, దాని ఇంగ్లీషు సారాంశం, కారణాలతో తీర్పు దొరకొచ్చు. పెద్ద నగరంలో ఎక్కువ కాగితం ఉంటుందన్న అంచనా ఇక్కడ తలకిందులవుతుంది.

మరో మాట. సైదాపేట ఆనాడు నగరం కాదు. చెంగల్పట్టు జిల్లా కలెక్టరు ఉండిన చోటు అది. 1900 నాటి సైదాపేట కేసును ప్రెసిడెన్సీ మేజిస్ట్రేట్ల రికార్డులో వెతికితే దొరకదు.

యూరోపియన్లను ఈ మేజిస్ట్రేట్లు విచారించగలిగేవారా?

1872 దాకా జిల్లాల మేజిస్ట్రేట్లకు బ్రిటిష్ ప్రజలను విచారించి శిక్షించే అధికారం దాదాపు లేదు, ముద్దాయిని నగరంలోని హైకోర్టుకు పంపాల్సిందే. 1872 కోడ్ ఆ అధికారమిచ్చింది, కానీ విచారించేవాడూ యూరోపియనే కావాలంది. నగరంలో మాత్రం భారతీయ ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటుకు అడ్డు లేదు. ఈ వింతను సరిచేయబోయినదే 1883 ఇల్బర్టు బిల్లు. తెల్లవాళ్ల ఆందోళన తర్వాత 1884లో రాజీ చట్టం వచ్చింది. భారతీయ జిల్లా మేజిస్ట్రేటు విచారించొచ్చు, అయితే జ్యూరీలో సగమైనా యూరోపియన్లో అమెరికన్లో ఉండాలని ముద్దాయి కోరుకోవచ్చు.

మా ముత్తాత కేసు ఫైలు తమిళనాడు ఆర్కైవ్స్‌లో దొరుకుతుందా?

మేజిస్ట్రేటు కోర్టు ఫైలే కావాలంటే ఆశ తక్కువ పెట్టుకోండి. కింది కోర్టుల కాగితాలు గడువు తీరాక నాశనం చేసే పద్ధతి ఉంది, 1917 నాటి రికార్డుల ధ్వంస చట్టం అందుకు ఆధారం. కానీ కేసు ఎక్కడో పైకి కదిలి ఉంటే దాని జాడ మిగులుతుంది. ఎగ్మూరు స్టేషను ఎదుట గాంధీ ఇర్విన్ రోడ్డులోని ఆర్కైవ్స్‌కు వెళ్లే ముందు ఈ వరసలో పని చేసుకోండి.

ముందు సంవత్సరం, తాలూకా, నేరం రాసుకోండి. పేరొక్కటే చాలదు. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు, ఉన్నా అక్షరక్రమం గుమాస్తా చిత్తం. వెంకటసుబ్బయ్య ఒక పుటలో ఒకలా, మరో పుటలో ఇంకోలా కనిపిస్తాడు. తండ్రిపేరు, ఊరు తోడుంటేనే మనిషిని పోల్చుకోగలం.

తర్వాత జ్యుడిషియల్ శాఖ ప్రొసీడింగ్స్ సూచికలు చూడండి. ఏడాదివారీగా ఉంటాయి. అక్కడ జీవో నంబరు, తేదీ, శాఖ పట్టుకోవాలి. ఈ మూడూ లేకుండా స్లిప్పు రాస్తే కట్ట బయటికి రాదు. శిక్ష తగ్గించమన్న మహజర్లు, మేజిస్ట్రేటుపై ఫిర్యాదులు, అల్లర్ల కేసులు ఇక్కడే దొరుకుతాయి. కొత్తవాళ్లు ఎక్కువగా జ్యుడిషియల్ దగ్గరే ఆగిపోతారు. కేసు మూలం భూమి తగాదా అయితే రెవెన్యూ శాఖ, రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ కూడా తిరగేయండి. మేజిస్ట్రేటూ కలెక్టరూ ఒకరే కాబట్టి కాగితం ఆ గదిలోకీ వెళ్లింది. 1835కు ముందు కాలానికైతే జిల్లా రికార్డుల అచ్చు గైడ్లు ఉన్నాయి, గోదావరి, మచిలీపట్నంలతో సహా. చావడి, మేయరు కోర్టుల కాలానికి ఫోర్ట్ సెంట్ జార్జి కన్సల్టేషను పుస్తకాలు (కౌన్సిలు సమావేశాల రికార్డులు), మేయరు కోర్టు ప్లీడింగ్సు (వాద ప్రతివాదాల పత్రాలు) అచ్చయ్యాయి. ఆ సంపుటాలు ముందు చదివితే చేతిరాత జోలికి పోకుండానే సగం పని అవుతుంది.

రిజిస్టర్లలో సీ.సీ. అని ఉంటే క్యాలెండరు కేసు. కింది మేజిస్ట్రేటు ప్రతి కేసు సారాంశాన్నీ క్యాలెండరుగా పై మేజిస్ట్రేటుకు పంపేవాడు. పీ.ఆర్.సీ. అంటే సెషన్సుకు పంపడానికి ముందు జరిగిన విచారణ. కాబట్టి పీ.ఆర్.సీ. నంబరు దొరికితే వెతుకులాటను సెషన్సు కోర్టు వైపు తిప్పండి.

హైకోర్టు దాకా వెళ్లిన కేసు పేరు ఎలా ఉంటుంది?

అచ్చయిన తీర్పుల్లో 1876 నుంచి ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు సిరీసు, 1891 నుంచి మద్రాసు లా జర్నల్ చూడండి. ఏలుతున్న రాణిని, రాజును బట్టి వాది పేరు మారుతుంది. తొలి సంపుటాల్లో క్వీన్, తర్వాత క్వీన్ ఎంప్రెస్, 1901 తర్వాత ఎంపరర్ లేదా కింగ్ ఎంపరర్. మద్రాసులో ముద్దాయి పేరుకు ముందు ‘ఇన్ రీ’ అని పెట్టే అలవాటు కూడా ఉంది. డిజిటల్ వెతుకులాటలో ఈ రూపాలన్నీ ప్రయత్నించాలి. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడినా దాని హైకోర్టు గుంటూరులో 1954 జులైలో మొదలైంది. ఆ మధ్య తొమ్మిది నెలలూ మద్రాసు హైకోర్టే దిక్కు.

రెవెన్యూ అధికారుల నుంచి కోర్టులు ఎప్పుడు విడిపోయాయి?

కాంగ్రెసు పుట్టిన దగ్గర్నుంచీ అడుగుతున్న కోరిక ఇది. మద్రాసు ప్రభుత్వం 1940ల చివర్లో ఉత్తర్వుల ద్వారా మొదలుపెట్టింది, రాజ్యాంగం 50వ అధికరణం దాన్ని ఆదేశ సూత్రం చేసింది. చట్టంలో పూర్తిగా తేలింది 1974 ఏప్రిల్ 1న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో. నేరం విచారించేవాడు హైకోర్టు కింది జుడిషియల్ మేజిస్ట్రేటు, శాంతిభద్రతలు చూసేవాడు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. తహసీల్దారుకు నేటికీ ఈ రెండో హోదా ఉంది. ఆ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలో మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు అన్న తరగతే లేదు.

మాది చిత్తూరు వైపు. ఏ జిల్లా రికార్డులు చూడాలి?

నేటి పటం పక్కన పెట్టండి, ఎక్కువ మంది రోజులు పాడుచేసుకునేది దీనివల్లే. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్‌లో ఏర్పడింది. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లా, తర్వాత మద్రాసు రాష్ట్రం. ఒంగోలు 1904 దాకా నెల్లూరు, ఆపైన గుంటూరు. అనంతపురం 1882 దాకా బళ్లారి. పశ్చిమ గోదావరి 1925 దాకా లేదు. నేరం జరిగిన ఏడాదికి ఆ తాలూకా ఏ కలెక్టరు కిందుందో తేల్చుకుని, ఆ జిల్లా పేరుతోనే సూచిక తెరవండి.